కణం పట్టు వదిలితే: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

క్యాన్సర్ గడ్డ ఎలా పెరుగుతుందన్న విషయంపై గత సంచికలో రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి. పెరగడం సరే, అది పుట్టిన చోటు విడిచి మరో అవయవానికి ఎలా చేరుతుంది? క్యాన్సర్ మరణాలలో అధిక భాగం తొలి గడ్డ వల్ల కాక ఈ వ్యాప్తి వల్లనే సంభవిస్తున్నాయి కనుక ఈసారి శీర్షికను పూర్తిగా దీనికే కేటాయించాను.

ప్రశ్న: మా అక్కకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగింది. పాథాలజీ రిపోర్టులో ‘ఇన్వేసివ్ లోబ్యులర్ కార్సినోమా, ఈ-క్యాడ్‌హెరిన్ నెగెటివ్’ అని రాశారు. నెగెటివ్ అంటే మంచిదే కదా అని ఊపిరి పీల్చుకున్నాం. ఇంతలో తెలిసినవారొకరు, అది కణాలను కలిపి ఉంచే ప్రోటీన్ అనీ, అది లేకపోతే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందనీ చెప్పారు. ఏది నిజం?

జవాబు: రెండూ కావు. ఇక్కడ ‘నెగెటివ్’ అనే మాట ఇన్ఫెక్షన్ పరీక్షలలో వచ్చే నెగెటివ్ వంటిది కాదు, అలాగని అది ప్రమాద ఘంటిక కూడా కాదు. ఆ గడ్డ ఏ రకానికి చెందినదో తేల్చుకోవడానికి పాథాలజిస్టు వాడే ఒక ఆనవాలు మాత్రమే.

మన అవయవాల లోపలి అంచులను, గ్రంథుల నాళాలను కప్పి ఉంచే కణాలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఈ పట్టును ఇచ్చే ప్రోటీన్లలో ముఖ్యమైనది ఈ-క్యాడ్‌హెరిన్. దాని ఒక కొస కణం పైపొర దాటి బయటికి వచ్చి, పక్క కణం నుంచి అలాగే బయటికి వచ్చిన మరో ఈ-క్యాడ్‌హెరిన్‌ను అందుకుంటుంది. రెండో కొస కణం లోపల కెటెనిన్లనే ప్రోటీన్ల ద్వారా కణానికి ఆకారాన్నిచ్చే యాక్టిన్ పోగులకు ముడిపడి ఉంటుంది. అంటే ఇది పైపైన పూసిన జిగురు కాదు, పక్కవాడి చేతిని పట్టుకున్న చేయి, ఆ చేయి భుజం దాకా, వెన్ను దాకా కలిసి ఉన్నట్లే. ఈ పట్టు నిలవాలంటే కాల్షియం ఉండాలి. చుట్టూ ఉన్న ద్రవంలోంచి కాల్షియాన్ని తీసివేస్తే అప్పటిదాకా పలకలా అతుక్కుని ఉన్న కణాలు విడివిడిగా గుండ్రబడిపోతాయి. జపాన్ శాస్త్రవేత్త మసతోషి తకెయిచి ఈ కుటుంబపు ప్రోటీన్లను గుర్తించింది కాల్షియంతో ఉన్న ఈ లంకె వెంట పడే.

మీ అక్కగారి రిపోర్టులోని ఆ మాట ఎలా వచ్చిందో చెబుతాను. గడ్డ నుంచి వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలుచగా కోసిన ముక్కను గాజు పలక మీద పరచి, ఈ-క్యాడ్‌హెరిన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీని దాని మీద వేసి, అది అంటుకున్న చోట గోధుమరంగు తేలేటట్లు చేస్తారు. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే, పాలనాళాల పేరు పెట్టిన డక్టల్ రకంలో ప్రతి కణం చుట్టూ గోధుమరంగు గీత కనిపిస్తుంది. మైక్రోస్కోపులో చూస్తే తేనెపట్టు గదుల గోడల మాదిరిగా ఉంటుంది. మీ అక్కగారికి వచ్చిన, పాలగ్రంథుల పేరు పెట్టిన లోబ్యులర్ రకంలో చాలామటుకు ఆ గీతలు ఉండవు, నీలిరంగు కేంద్రకాలు మాత్రమే మిగులుతాయి. పట్టు లేని ఆ కణాలు ముద్దగా ఉండక, పీచు కణజాలం సందుల్లో ఒకదాని వెనుక ఒకటిగా చీమల బారులా సాగి ఉంటాయి. చేతికి గట్టి గడ్డగా తగలకపోవడానికీ, మామోగ్రామ్‌లో సులభంగా దొరకకపోవడానికీ ఇది ఒక కారణం.

ఇప్పుడు మీ భయం సంగతి. పట్టు లేదు కనుక లోబ్యులర్ క్యాన్సర్ తప్పక ఎక్కువగా పాకుతుందన్న లెక్క వినడానికి సబబుగా ఉన్నా, శరీరం ఆ లెక్కను పాటించదు. ఈ రకం గడ్డల్లో అత్యధికం ఈస్ట్రోజెన్ రిసెప్టార్ (ఆ హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్) ఉన్నవే కనుక హార్మోన్ చికిత్సకు లొంగుతాయి. అది పాకే చోట్లలో కొంత తేడా ఉన్నమాట నిజమే. ఎముకలతో పాటు ఉదరపు పొర, అండాశయాలు, జీర్ణనాళం వైపు వెళ్లే ధోరణి డక్టల్ రకం కంటే దీనిలో ఎక్కువ. మరోవైపు ఈ-క్యాడ్‌హెరిన్ నిండుగా ఉన్న డక్టల్ క్యాన్సర్లు కూడా పాకుతూనే ఉంటాయి. అవి ఒంటరి కణాలుగా కాక గుంపులుగా కదులుతాయి. 2019లో ఎలుకల మీద జరిగిన ఒక అధ్యయనంలో రొమ్ము క్యాన్సర్ కణాల నుంచి ఈ ప్రోటీన్‌ను తొలగిస్తే అవి చుట్టుపక్కలకు మరింతగా చొచ్చుకుపోయాయి కానీ, దారిలో ఎక్కువగా చచ్చిపోయి దూరపు అవయవాలలో గడ్డలు కట్టడం తగ్గింది. విడిపోవడానికి అడ్డమైన ప్రోటీనే ప్రయాణంలో బతకడానికి అండగా ఉన్నదన్నమాట. కనుక ఆ ఒక్క పదాన్ని పట్టుకుని భవిష్యత్తు లెక్కించకండి. గడ్డ పరిమాణం, చంకలోని లింఫ్ గ్రంథుల స్థితి, హార్మోన్ రిసెప్టార్లు, హెర్2 అనే ఉపరితల ప్రోటీన్ పరీక్ష ఫలితం, గ్రేడు (కణాలు మామూలు రూపం నుంచి ఎంత మారాయన్న కొలత), వీటిని ముందుపెట్టి మీ ఆంకాలజిస్టుతో మాట్లాడండి.

ఒక్క విషయం మాత్రం తప్పక చెప్పండి. మీ రక్తసంబంధీకులలో ఎవరికైనా చిన్న వయసులో ‘డిఫ్యూజ్’ రకం (ముద్దగా కట్టక చెదిరి పాకే) జీర్ణాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి వైద్యుల చెవిన వేయాలి. ఈ-క్యాడ్‌హెరిన్‌ను తయారుచేసే సీడీహెచ్1 జన్యువులో పుట్టుకతోనే లోపం ఉన్న కుటుంబాలు అరుదుగా ఉన్నాయి; 1998లో న్యూజిలాండ్‌లోని మావోరీ కుటుంబాలలో ఇది మొదట బయటపడింది. ఆ కుటుంబాల స్త్రీలకు లోబ్యులర్ రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ.

ప్రశ్న: నేను డిగ్రీలో జీవశాస్త్రం చదువుతున్నాను. కణానికి కాళ్లు లేవు, కండరాలు లేవు. మరి క్యాన్సర్ కణం ‘వలస’ వెళుతుందని పుస్తకాలు ఎలా రాస్తున్నాయి? రక్తంలో కొట్టుకుపోవడాన్నే వలస అంటున్నారా?

జవాబు: కొట్టుకుపోవడం తరువాతి మాట. గడ్డలోంచి రక్తనాళం దాకా వెళ్లే దారిని కణం తన శక్తితోనే గడవాలి, నాళం దాటి బయటపడ్డాక మళ్లీ నడవాలి. ఆ నడకలో అడుగు అని చెప్పదగినది ఇంటెగ్రిన్ అనే ఉపరితల ప్రోటీన్.

ఇంటెగ్రిన్ ఒక జంట. ఆల్ఫా అనే గొలుసు ఒకటి, బీటా అనే గొలుసు ఒకటి కలిసి పైపొరను ఇటునుంచి అటు దాటి నిలుస్తాయి. మనుషుల్లో 18 ఆల్ఫాలు, 8 బీటాలు ఉన్నాయి. అవి కలిసి 24 రకాల జంటలు కడతాయి. కణాల చుట్టూ అల్లుకుని ఉండే ప్రోటీన్లలో ఒక్కో జంటకు ఒక్కో రుచి: కొన్ని కొల్లాజెన్‌ను, కొన్ని లామినిన్‌ను, కొన్ని ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకుంటాయి. ఫైబ్రోనెక్టిన్ అంత పెద్ద ప్రోటీన్‌లో ఇంటెగ్రిన్ పట్టుకునే ముఖ్యమైన చోటు ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అమైనో ఆమ్లాల వరుస మాత్రమేనని 1984లో తేలింది. ఈ రంగానికి పునాది వేసిన రిచర్డ్ హైన్స్, ఎర్కి రువోస్లాటి, టిమొతీ స్ప్రింగర్‌లకు 2022లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం లభించింది.

నడక ఇలా సాగుతుంది. కణం ముందు అంచులో యాక్టిన్ పోగులు పెరిగి పొరను పలుచని రెక్కలా ముందుకు తోస్తాయి. ఆ రెక్క అడుగున ఇంటెగ్రిన్లు గుమిగూడి కింద ఉన్న పీచును పట్టుకుంటాయి. తరువాత కణం లోపలి మయోసిన్ ఆ పట్టును ఆధారం చేసుకుని ఒళ్లంతటినీ ముందుకు లాగుతుంది. మీ కండరంలో పనిచేసే ప్రోటీన్‌కు ఇది దగ్గరి చుట్టమే, కాబట్టి కండరాలు లేవన్న మీ మాటను కాస్త సవరించుకోవాలి. ఇక చివరిది, విద్యార్థులు తరచు మరచిపోయేది ఏమంటే, వెనుక అంచులోని పట్టు వదలాలి. వదలకపోతే కణం తాడులా సాగుతుందే తప్ప కదలదు. అందుకే పట్టు మరీ తక్కువైతే కణం జారిపోతుంది, మరీ ఎక్కువైతే అతుక్కుపోతుంది, మధ్యస్థంగా ఉన్నప్పుడే అన్నిటికన్నా వేగంగా నడుస్తుంది. 1997లో ఇంటెగ్రిన్ల సంఖ్యను, అంటుకునే పదార్థపు మోతాదును మార్చి మార్చి కొలిచి దీనిని నిరూపించారు. ‘ఈ ప్రోటీన్ పెరిగితే క్యాన్సర్ పాకుతుంది’ అనే వాక్యం ఎక్కడ కనబడినా, ఎంత పెరిగితే, దేని మీద నడుస్తుంటే అని అడగడం అలవాటు చేసుకోండి.

మీ కళాశాలలో కణాలను పెంచే వసతి ఉంటే ఈ నడకను మీరే చూడవచ్చు. ప్లాస్టిక్ పళ్లెం అడుగున కణాలు సందు లేకుండా పరుచుకున్నాక, పిపెట్ మొనతో వాటి మధ్య ఒక గీత గీయాలి. మైక్రోస్కోపు కింద పెడితే దున్నిన చాలులా ఒక ఖాళీ, దాని రెండు గట్ల మీద బిక్కుబిక్కుమంటున్న కణాలు కనిపిస్తాయి. కొన్ని గంటలకు గట్టు మీది కణాలు ఖాళీ వైపు రెక్కలు చాస్తాయి. ఈ-క్యాడ్‌హెరిన్ గట్టిగా ఉన్న కణాలు చేతులు వదలకుండా వరుస చెదరక ముందుకు వస్తాయి. అది లేనివి ఒక్కొక్కటిగా విడివడి తోచిన దిక్కుకు పోతాయి. మరునాటికి గీత చాలావరకు పూడిపోతుంది. వేగం గంటకు కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని పదుల మైక్రాన్లు మాత్రమే, అంటే వెంట్రుక మందమంత దూరానికి గంటలు పడుతుంది. ఒక హెచ్చరిక: గీత పూడినదంతా నడక వల్లనే అనుకోకూడదు, కణాలు విభజన చెందినా పూడుతుంది. ఆ అనుమానం తీర్చుకోని ప్రయోగాలు పత్రికల్లో ఇప్పటికీ అచ్చవుతున్నాయి.

అయితే ప్లాస్టిక్ పళ్లెం చదునైన మైదానం. శరీరంలో కణం చుట్టూ కొల్లాజెన్ పీచులు అడవిలా అల్లుకుని ఉంటాయి. వాటిని కోసుకుంటూ వెళ్లడానికి కొన్ని కణాలు ఎంఎంపీ14 అనే కత్తెర వంటి ఎంజైమును తమ ఉపరితలం మీదనే ధరిస్తాయి. సీడీ44 అనే మరో ప్రోటీన్ కణాల చుట్టూ ఉండే హైల్యురోనిక్ యాసిడ్‌ను పట్టుకుంటుంది. 1991లో, పాకే గుణం లేని ఎలుక క్యాన్సర్ కణాలకు సీడీ44లోని ఒక ప్రత్యేక రూపాన్ని చేరిస్తే అవి పాకడం మొదలుపెట్టాయి. ఇవేవీ అక్కరలేకుండా, కత్తెరను మూసివేసినా ఆగకుండా, అమీబాలా ఒళ్లు పిండుకుని సందుల్లోంచి దూరిపోయే కణాలు కూడా ఉన్నాయి. ఈ చివరి సంగతిని గుర్తుంచుకోండి, మందుల గురించిన ప్రశ్నలో మళ్లీ వస్తుంది.

ప్రశ్న: రక్తం అన్ని అవయవాలకూ వెళుతుంది. మరి రొమ్ము క్యాన్సర్ ఎముకలకు, పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి ఎందుకు వెళతాయి? కణాలకు దారి ఎవరు చెబుతారు?

జవాబు: ఈ ప్రశ్న వయసు 130 ఏళ్లు పైబడింది. 1889లో ఇంగ్లండు వైద్యుడు స్టీఫెన్ పాజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల వివరాలను తిరగేసి, గడ్డలు యాదృచ్ఛికంగా పంచినట్లు లేవనీ, విత్తనం అన్ని చోట్లా పడినా అనువైన నేలలోనే మొలుస్తుందనీ రాశాడు. దానికి ఎదురువాదం కూడా బలమైనదే: రక్తం ముందుగా ఎటు పారితే కణాలు అటే చిక్కుకుంటాయి. పెద్దపేగు రక్తం నేరుగా కాలేయానికి వెళుతుంది కనుక ఆ క్యాన్సర్ విషయంలో ఈ కాలువ లెక్క చాలావరకు సరిపోతుంది. రొమ్ము నుంచి ఎముకకు అలాంటి సూటి కాలువ లేదు.

పాజెట్ ‘అనువైన నేల’ అన్నదానికి అణువుల స్థాయిలో ఒక చక్కని ఉదాహరణ 2001లో దొరికింది. రొమ్ము క్యాన్సర్ కణాల ఉపరితలం మీద సీఎక్స్‌సీఆర్4 అనే రిసెప్టార్ (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) ఎక్కువగా ఉందనీ, దానిని ఆకర్షించే సీఎక్స్‌సీఎల్12 అనే సంకేతాన్ని ఎముక మజ్జ, ఊపిరితిత్తులు, కాలేయం, లింఫ్ గ్రంథులు అధికంగా విడుదల చేస్తున్నాయనీ తేలింది. ఈ రెంటినీ క్యాన్సర్ కొత్తగా కనిపెట్టలేదు. మజ్జలోని రక్త మూలకణాలు తమ ఇంటికి చేరేది ఈ సంకేతం వాసన పట్టే. గడ్డలు ముందుగానే కబురు పంపుతాయని కూడా 2015లో వెల్లడైంది. క్యాన్సర్ కణాలు వదిలే అతి సూక్ష్మమైన బుడగల మీద ఉండే ఇంటెగ్రిన్ ఆల్ఫా6బీటా4 అయితే ఆ బుడగలు ఊపిరితిత్తులలోనూ, ఆల్ఫావీబీటా5 అయితే కాలేయంలోనూ దిగి అక్కడి నేలను చదును చేస్తున్నాయి.

అయినా ఈ ప్రయాణికులలో గమ్యం చేరేవి అతి తక్కువ. 1970లో క్యాన్సర్ పరిశోధకుడు ఐసేయా ఫిడ్లర్ రేడియోధార్మిక గుర్తు వేసిన చర్మ క్యాన్సర్ కణాలను ఎలుకల సిరలోకి ఎక్కించి చూస్తే, ఒక రోజు గడిచేసరికి వాటిలో అతి కొద్ది మాత్రమే బతికి ఉన్నాయి.

ప్రశ్న: క్లోమ క్యాన్సర్ ఉన్న మా నాన్నగారికి సీఏ 19-9 అనే రక్తపరీక్ష తరచు చేయిస్తున్నారు. అది కూడా ఇటువంటి ప్రోటీనేనా?

జవాబు: ప్రోటీన్ కాదు, ఉపరితల ప్రోటీన్లకూ కొవ్వులకూ తగిలించిన ఒక చక్కెర గొలుసు. దానికీ వలసకూ సంబంధం ఉంది. రక్తనాళాల లోపలి గోడ మీద సెలెక్టిన్ అనే కొక్కెం వంటి ప్రోటీన్లు ఉంటాయి. తెల్ల రక్తకణాలు ఇటువంటి చక్కెర గొలుసులతోనే వాటికి తగులుకుని, గోడ వెంట దొర్లుతూ నెమ్మదించి, బయటికి దాటుతాయి. సీఏ 19-9 ఉన్న క్యాన్సర్ కణాలు అదే కొక్కేన్ని వాడుకోగలవు. పరీక్షగా దానికి రెండు పరిమితులున్నాయి. సుమారు 5 నుంచి 10 శాతం మంది పుట్టుకతోనే ఈ చక్కెర గొలుసును తయారుచేయలేరు, వారిలో గడ్డ ఎంత పెరిగినా అంకె పెరగదు. పైత్యరస నాళం మూసుకుపోయి కామెర్లు వచ్చినప్పుడు గడ్డ పెరగకపోయినా అంకె పెరుగుతుంది. ఒక్క రిపోర్టు చూసి కంగారు పడకుండా, వరుస రిపోర్టులను స్కాన్‌తో కలిపి చూడమని మీ వైద్యులను అడగండి.

ప్రశ్న: ఏ ప్రోటీన్ వల్ల కణం కదులుతోందో ఇంతగా తెలిసినప్పుడు, దానిని మూసివేసే మందు వేస్తే సరిపోదా?

జవాబు: వేసి చూశారు, ఒకసారి కాదు. కణజాలాన్ని కోసే ఎంజైములను అడ్డుకునే మందులను 1990ల చివర్లో వేలాదిమందిపై పరీక్షించారు. ఆయుష్షు పెరగకపోగా కీళ్లు, కండరాల నొప్పులు మిగిలాయి. ఇంటెగ్రిన్లను మూసే సిలెంగిటైడ్‌ను గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌లో 500 మందికి పైగా రోగులపై పరీక్షిస్తే, 2014లో వెలువడిన ఫలితం నిరాశపరిచింది. సీడీ44 రూపాన్ని గురిపెట్టి విషాన్ని మోసుకెళ్లే యాంటీబాడీ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపివేశారు, ఎందుకంటే అదే ప్రోటీన్ మామూలు చర్మం మీద కూడా ఉంది, ఒక రోగి చర్మం ఊడిపోయి మరణించారు.

ఈ వైఫల్యాలకు కారణం ప్రోటీన్ల గురించిన జ్ఞానం తప్పు కావడం కాదని నా అభిప్రాయం. ఒక దారి మూస్తే కణానికి ఇంకో దారి ఉంది, ఇందాక చెప్పిన అమీబా నడక గుర్తుచేసుకోండి. అంతకన్నా పెద్ద చిక్కు సమయానిది. గడ్డ బయటపడే నాటికే కొన్ని కణాలు వెళ్లి దాగి ఉండవచ్చు. వెళ్లిపోయినవాటి వెనుక తలుపు వేసి లాభం లేదు. పైగా కొత్త మందును సాధారణంగా ముదిరిన రోగుల మీద, గడ్డ కుదించుకుందా లేదా అన్న కొలబద్దతో పరీక్షిస్తారు. కదలికను మాత్రమే ఆపే మందు గడ్డను కుదించదు, అందువల్ల అది పనిచేసినా పనిచేసినట్లు కనిపించకపోవచ్చు.

ఉపరితల ప్రోటీన్ల మీద గురి మొత్తంగా తప్పిందనుకోకండి. అమెరికాలో 1998లో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ అనే మందు హెర్2 అనే ఉపరితల ప్రోటీన్ మీదనే పనిచేస్తుంది, ఆ రకం రొమ్ము క్యాన్సర్ రోగుల ఆయుష్షును అది నిజంగా పెంచింది. కానీ అది దెబ్బతీసేది ప్రధానంగా కణాల పెరుగుదలను. నడకను మాత్రమే ఆపి రోగులను కాపాడిన మందు వైద్యుల చేతికి ఇంకా రాలేదు.

ప్రశ్న: సూది గుచ్చి బయాప్సీ చేస్తే గడ్డ కదిలి క్యాన్సర్ పాకుతుందంటారు. అందుకని మా బంధువు ఒకరు పరీక్షకే ఒప్పుకోవడం లేదు.

జవాబు: వారికి ఇంతదాకా చెప్పినది వినిపించండి. కణం ఊడిపడినంత మాత్రాన పాకలేదు. అది బతకాలి, నాళం గోడను పట్టుకోవాలి, దాటాలి, కొత్త నేలలో వేళ్లూనాలి. సూది దారి వెంట కణాలు మిగిలి గడ్డ కట్టడం జరగని పని కాదు కానీ చాలా అరుదు, బయాప్సీ లేకుండా చికిత్స ఆలస్యం కావడం వల్ల కలిగే నష్టంతో దానిని పోల్చలేము. ఎముకలు, కండరాలలో పుట్టే సార్కోమా వంటి కొన్ని గడ్డల విషయంలో మాత్రం సూది ఎటునుంచి వెళ్లాలన్నది ముందే నిర్ణయించి, ఆపరేషన్ సమయంలో ఆ దారిని కూడా గడ్డతో కలిపి తీసివేసే పద్ధతి ఉంది. అందువల్ల అటువంటి అనుమానం ఉన్నప్పుడు, తరువాత ఆపరేషన్ చేయబోయే సర్జనునే ముందుగా కలిసి, బయాప్సీ ఎక్కడి నుంచి తీయాలో ఆయన చేతనే చెప్పించుకోవాలి.